మాటలు వాటంతటవే వస్తాయని ఎంతకాలం ఆగుదాం?

మన వైపు బిడ్డ పుట్టిన ఇంట్లో వసకొమ్ము లేకుండా ఉండదు. సానరాయి మీద అరగదీసి, తేనెలోనో తల్లిపాలలోనో రంగరించి చంటిబిడ్డ నాలుకకు రాస్తే మాటలు తొందరగా, స్పష్టంగా వస్తాయని పెద్దల నమ్మకం. ఎడతెరిపి లేకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం కూడా మనకు అలవాటే. అలా రాయడంలో ఉన్న ప్రేమను మేము తప్పుపట్టడం లేదు. అయితే వస ఎక్కువైతే పసిపిల్లలకు వాంతులు, మగత వస్తాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడమూ ప్రమాదమే. వీటికి మించిన నష్టం మరొకటి ఉన్నది. వస రాశాం గదా, మాటలు అవే వస్తాయిలే అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ ఎదురుచూపు గురించే ఈసారి మా అభిప్రాయం రాస్తున్నాము.

మూడేళ్ళు, నాలుగేళ్ళు నిండిన బిడ్డను తీసుకొచ్చి, “మా వాడికి అన్నీ అర్థమవుతాయి సిస్టర్ గారూ, మాటలు ఒక్కటే రావడం లేదు” అని చెప్పే తల్లులను మేము ఓపీలో తరచుగా చూస్తుంటాము. ఇంతకాలం ఎందుకు ఆగారమ్మా అని అడిగితే జవాబులు ఇంచుమించు ఒకటే. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనట. వాళ్ళ మేనమామ కూడా నాలుగేళ్ళకు గాని నోరు విప్పలేదట. బడిలో వేస్తే నలుగురు పిల్లల్లో పడి అదే వస్తుందని నాయనమ్మ చెప్పిందట. కొందరు మాత్రం, “నాలుక కింద నరం కోయించమన్నారండీ, ఇక్కడ కోస్తారా?” అని నేరుగా ఆ పని మీదే వస్తారు.

ఆ నరం సంగతి ముందు చెప్పేస్తాము. నాలుక కింద పొర మరీ బిగుతుగా ఉంటే పసిబిడ్డకు పాలు తాగడం కష్టం కావచ్చు, పెద్దయ్యాక ఒకటి రెండు అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. అంతేగాని, దానివలన బిడ్డకు మాటలే రాకుండా పోవు. కోస్తే మాటలు రావు. ఇక మేనమామ సంగతి. నాలుగేళ్ళకు మాట్లాడిన మేనమామ అందరికీ గుర్తుంటాడు. మాట రాకుండానే పెద్దదయి, ఇంట్లో పెళ్ళి జరిగితే వెనకగదిలో కూర్చునే మేనత్తను ఎవరూ ఉదాహరణగా చెప్పరు.

ఏ వయసుకు ఏమి రావాలో తల్లిదండ్రులకు తెలిస్తే ఈ వాదాలు సగం తగ్గుతాయి. ఆరేడు నెలలకు బిడ్డ బాబాబా, దదదా అని శబ్దాలు చేయాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి, టాటా చెప్పాలి. ఆ తరువాత కొద్ది నెలల్లో కావలసిన వస్తువును వేలుపెట్టి చూపాలి. వేలుపెట్టి చూపడం మాటకు ముందు మెట్టు అని గుర్తుంచుకోండి. ఏడాదిన్నరకు కొన్ని మాటలైనా ఉండాలి. రెండేళ్ళకు “అమ్మా రా”, “తాత లేడు” అని రెండేసి మాటలు కలపాలి. మూడేళ్ళకు బిడ్డ చెప్పేది ఇంట్లో వాళ్ళకే గాక పొరుగువారికి కూడా చాలావరకు తెలియాలి. మూడేళ్ళ పిల్ల రాముడిని లాముడు అంటే కంగారు పడనవసరం లేదు, ర, ళ, ణ వంటివి ఆలస్యంగానే కుదురుకుంటాయి. కాని వచ్చిన మాటలు పోతే మాత్రం, ఏ వయసులోనైనా సరే, ఒక్క వారం కూడా ఆగవద్దు.

మాటలు రాని బిడ్డకు మొట్టమొదట చేయవలసింది చెవి పరీక్ష. ఈ మాట అనగానే చాలామంది, “వినపడుతుందండీ, వెనకనుంచి పళ్ళెం పడేస్తే తిరిగి చూశాడు” అంటారు. స్టీలు పళ్ళెం చప్పుడు చాలా పెద్దది. దాని అదురు నేల మీద తెలుస్తుంది, పడేసిన మనిషి నీడ కూడా కదులుతుంది. కొంత వినికిడి మాత్రమే ఉన్న బిడ్డ డప్పు వింటుంది, లారీ హారను వింటుంది, కాని స, చ, క, ట వంటి సన్నని ధ్వనులు ఆ చెవికి అందవు. అందని ధ్వనిని నోరు ఎలా పలుకుతుంది? అందుకే పరీక్ష యంత్రంతో చేయించాలి. ఓఏఈ అనే పరీక్షలో చెవిలో చిన్న బిరడా పెట్టి కొద్ది నిమిషాల్లో చూస్తారు, పుట్టిన రెండో రోజునే చేయవచ్చు. అందులో అనుమానం వస్తే బేరా అనే పరీక్షలో తలకు చిన్న తీగలు అంటించి, చెవినుంచి మెదడుకు శబ్దం చేరుతున్నదా లేదా చూస్తారు. రెండింటిలోనూ నొప్పి లేదు. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి సాధనం, శిక్షణ మొదలు కావాలన్నది ప్రపంచమంతా అనుసరించే లెక్క. మన దగ్గర మూడేళ్ళకు మొదటి పరీక్ష!

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, పుట్టగానే ఏడవని పిల్లలు, పచ్చకామెర్లు ఎక్కువై రక్తం మార్చవలసి వచ్చిన పిల్లలు, మెదడుపొరల జ్వరం వచ్చి తగ్గిన పిల్లలు, ఇంక్యుబేటరులో ఉండి ఎక్కువ రోజులు కొన్ని రకాల ఇంజెక్షన్లు తీసుకున్న పిల్లలు, వీరందరికీ వినికిడి పరీక్ష తప్పనిసరి. గర్భిణికి రుబెల్లా సోకితే కడుపులోని బిడ్డకు చెవుడు రావచ్చు. 2017లో మన రాష్ట్రంలో మీజిల్స్, రుబెల్లా టీకా పిల్లలందరికీ వేయడానికి అదొక ముఖ్య కారణం. జలుబు చేసినప్పుడల్లా చెవి కారే పిల్లల సంగతి వేరు. వారికి పూర్తి చెవుడు ఉండదు గాని, వినికిడి మందగించి మాట ముద్దముద్దగా తయారవుతుంది. దయచేసి ఆ చెవిలో వెల్లుల్లి నూనె కాచి పోయవద్దు.

ఇక్కడ అసలు విషయానికి వస్తాము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వలన, లక్షల రూపాయలు ఖరీదు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను కూలిపని చేసుకునేవారి పిల్లలకు కూడా అందింది. ఇప్పుడు ఆ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. కేంద్రప్రభుత్వ ఎడిప్ పథకం కింద కూడా ఈ యంత్రం ఇస్తున్నారు. ఇది ఎంతో గొప్ప మేలు, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాము. అయితే ఆపరేషనుతో మాటలు వస్తాయని మన కుటుంబాలకు ఎవరు చెప్పారో గాని, అది నిజం కాదు. లోపల అమర్చిన సన్నని తీగ వినికిడి నరానికి సంకేతం అందిస్తుంది. చెవి వెనక తగిలించే యంత్రం బయటి శబ్దాన్ని పట్టి లోపలికి పంపుతుంది. కుట్లు మానాక, కొన్ని వారాలకు యంత్రాన్ని ఆన్ చేస్తారు. ఆ రోజు బిడ్డకు మూడేళ్ళు ఉన్నా, వినడంలో ఆ బిడ్డ అప్పుడే పుట్టినట్లు. పుట్టిన బిడ్డ మాట్లాడడానికి ఏడాది పడుతుంది గదా! ఈ బిడ్డకూ ఆ కాలం ఇవ్వాలి, ఆ కాలమంతా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండాలి.

నాగాయలంకనుంచో కైకలూరునుంచో బిడ్డను తీసుకొని వారానికి రెండుసార్లు విజయవాడ రావాలంటే తల్లికి రెండు రోజుల కూలి పోతుంది. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, ఇంట్లో ఉన్న రెండో బిడ్డను ఎవరికో అప్పగించడం. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఎవరు వస్తారు? మొదటి మూడు నెలలు వస్తారు, తరువాత నెలకొకసారి, తరువాత రారు. ఇంతలో యంత్రం తీగ తెగుతుంది, లేదా బ్యాటరీ అయిపోతుంది. బాగుచేయించడానికి డబ్బు ఉండదు. లక్షల ఖరీదు చేసే యంత్రం గుడ్డలో చుట్టి బీరువాలో దాచిపెట్టిన ఇళ్ళు మాకు తెలుసు. పారేసుకుంటాడేమో, పాడు చేస్తాడేమో అని భద్రంగా దాచామంటారు. బిడ్డ మళ్ళీ నిశ్శబ్దంలోకి వెళ్ళిపోతాడు.

ఈ తల్లిని కోప్పడడం మాకు ఇష్టం లేదు. ఆపరేషనుకు లక్షలు ఇవ్వగలిగిన వ్యవస్థ, బస్సు దిగి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక స్పీచ్ థెరపిస్టును కూడా ఇవ్వాలి. తీగలకు, బ్యాటరీలకు ఏళ్ళ తరబడి హామీ ఉండాలి. మందు ఇచ్చి నీళ్ళు ఇవ్వకపోతే ఎలాగ? థెరపిస్టులు పట్నాల్లో ఉన్నారు, పిల్లలేమో లంకగ్రామాల్లో ఉన్నారు. ఈ మాట అధికారులకు చెప్పవలసింది తల్లిదండ్రులే గాక, సంఘ పెద్దలు, పంచాయతీ సభ్యులు కూడా.

అయినా, అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. ఒక చిన్న లెక్క చూడండి. థెరపీ ముప్పావు గంట చొప్పున వారానికి రెండుసార్లు అనుకుంటే గంటన్నర. బిడ్డ రోజుకు పన్నెండు గంటలు మెలకువగా ఉంటే వారానికి ఎనభైనాలుగు గంటలు. మిగిలిన ఎనభైరెండున్నర గంటలూ బిడ్డ మీ దగ్గరే ఉంటుంది. మంచి థెరపిస్టు ఆ గంటన్నరలో బిడ్డకు నేర్పేదానికన్నా, తల్లికి, అమ్మమ్మకు నేర్పేదే ఎక్కువ. బిడ్డను లోపలికి పంపి, బయట బెంచీ మీద కూర్చుని రమ్మనే చోట మీరే పట్టుబట్టి లోపల కూర్చోండి.

ఇంట్లో ఏమి చేయాలి? స్నానం చేయించేటప్పుడు నీళ్ళు, వేడినీళ్ళు, సబ్బు, చెయ్యి, కాలు అని ఆ పని జరుగుతుండగానే చెప్పండి. బిడ్డ ముఖానికి ఎదురుగా, మీ పెదవులు కనబడేలా కూర్చోండి. “ఇదేమిటి? అదేమిటి? చెప్పు, చెప్పు” అని పరీక్ష పెట్టవద్దు, మనల్ని ఎవరైనా పొద్దస్తమానం అలా అడిగితే మనమైనా నోరు మూసుకుంటాం. బిడ్డ అడగకముందే గ్లాసు చేతిలో పెట్టవద్దు. పాలా, నీళ్ళా అని రెండూ చూపించి, మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగండి. ఆ ఆగడమే చాలా కష్టం, మన ఇళ్ళలో ఎవరికీ అంత ఓపిక ఉండదు. బిడ్డ “బువ్వ” అంటే, “బువ్వ కావాలా? వేడి బువ్వ!” అని ఒక మాట చేర్చి తిరిగి ఇవ్వండి. తప్పు పలికితే ఎగతాళి చేయకుండా, మీరు సరిగా ఒకసారి పలకండి, చాలు.

ఈ విషయంలో మన అమ్మమ్మలు ఏ శిక్షణా లేకుండానే సగం థెరపిస్టులు. బువ్వ, లాల, జోజో, బూచి, టాటా, తాత. ఈ మాటలు చూడండి, చిన్నవి, అచ్చుతో ముగిసేవి, పెదవులతోనో నాలుక కొసతోనో సులువుగా పలికేవి. చెమ్మచెక్క, దాగుడుమూతలు, కాళ్ళాగజ్జి వంటి ఆటల్లో నీ వంతు, నా వంతు ఉంటుంది. మాటకు కూడా వంతు కావాలి గదా. పేరున్న బొమ్మల కార్డుల పెట్టె కొనలేకపోయామే అని బాధపడే తల్లులకు మేము చెప్పేది ఇదే. యాపిల్, జీబ్రా బొమ్మల కన్నా మీ వాకిట్లో గేదె, కొంగ, కాలువలో పడవ, చేలో కుప్ప బిడ్డకు దగ్గరివి. అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. మాటలు ఆలస్యమయిన పిల్లలను బడిలో వేస్తే, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని చెబుతున్నవారున్నారు. దాంతో తల్లి తనకే సరిగా రాని భాషలో “కమ్, సిట్, వాటర్” అని మూడు మాటలతో సరిపెడుతుంది. ఇంట్లో మాట సగానికి సగం తగ్గిపోతుంది. రెండు భాషలు వినడం వలన మాటలు ఆలస్యం కావు, ఇది ఎన్నో దేశాల్లో పరిశీలించి తేల్చిన విషయం. తల్లి తనకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడాలి. తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ, లంబాడీ అయితే లంబాడీ. ఒక భాష కుదురుకున్నాక ఇంగ్లీషు దాని వెనకే వస్తుంది.

సెల్‌ఫోను గురించి ఎక్కువ రాయము, అందరికీ తెలిసిందే. ఏడాదిలోపు బిడ్డకు తెర అసలు వద్దని, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళవరకు రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏబీసీడీలు, అంకెలు గడగడా అప్పజెప్పే పిల్లవాడు దాహమేస్తే నీళ్ళు అడగలేకపోతున్నాడంటే, అది మాట్లాడడం కిందికి రాదు. ఫోను ఎదురు జవాబు ఇవ్వదు, బిడ్డ జవాబు కోసం ఆగదు.

చెవి బాగానే ఉన్నా మాటలు రాని పిల్లలు ఉంటారు. పిలిస్తే పలకరు, కళ్ళలోకి చూడరు, ఒకే వస్తువును తిప్పుతూ గంటలు గడుపుతారు. అది ఆటిజమా, మరొకటా అన్నది వైద్యులు చూసి చెప్పాలి. ఇది తల్లి ఉద్యోగానికి వెళ్ళడం వలన రాదు, గర్భంతో ఉండగా ఏదో చూసి భయపడడం వలన రాదు. “మూగదయ్యం” అనే మాటను బిడ్డ మీద ఎవరైనా వాడితే మేము ఒప్పుకోము. ప్రార్థన చేయించండి, మేమూ చేస్తాము. సోమవారం ఉదయం పరీక్షకు కూడా తీసుకురండి. అలాగే కోడలి మీద నింద వేసే అత్తగార్లకు ఒక మనవి. మేనరికపు పెళ్ళిళ్ళలో పుట్టుచెవుడు ఎక్కువగా కనబడుతుంది, నిజమే. ఆ లోపం తల్లి, తండ్రి ఇద్దరివైపునుంచీ వస్తేనే బిడ్డకు చెవుడు వస్తుంది. నింద కూడా పంచుకునేటట్లయితే ఇద్దరూ పంచుకోవాలి, అసలు వేయకపోతే ఇంకా మంచిది.

కొంతమంది పిల్లలకు ఎంత చేసినా నోటిమాట కొద్దిగానే వస్తుంది. వారికి బొమ్మలు చూపి అడగడం నేర్పితే, సైగలభాష నేర్పితే, ఉన్న మాట కూడా పోతుందని భయపడతారు. పోదు. ఆకలి, నొప్పి, కోపం చెప్పుకోవడానికి ఒక దారి దొరికిన పిల్లవాడు తల గోడకు కొట్టుకోవడం మానేస్తాడు. చేతులతో చెప్పినా అది మాటే.

గ్రహణం మొర్రి పేరులోనే మన అపోహ ఉన్నది. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. పెదవి కుట్టించగానే పని అయిపోయిందనుకోవద్దు, అంగిలి ఆపరేషను మాటలు వచ్చే వయసులో, అంటే ఏడాది, ఏడాదిన్నర ప్రాంతంలో పూర్తి కావాలి, ఆ తరువాత థెరపీ కావాలి. ఇక నత్తి. రెండేళ్ళు, మూడేళ్ళ వయసులో వచ్చే నత్తి చాలామందికి తగ్గిపోతుంది. “మెల్లగా చెప్పు, ఊపిరి పీల్చుకొని చెప్పు” అని మధ్యలో అందుకోకుండా పూర్తిగా వినండి. ఆరునెలలు దాటినా తగ్గకపోతే, లేదా మాట కోసం బిడ్డ ముఖం బిగబట్టి బాధపడుతుంటే చూపించండి. సండేస్కూలులో గాని వీధిలో గాని నత్తోడు అనే పేరు పెట్టనివ్వకండి.

ఎక్కడికి వెళ్ళాలని అడుగుతారు. ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్యబృందం పిల్లల ఎదుగుదల లోపాలను కూడా చూడాలి. ఆ రోజు బిడ్డను దాచిపెట్టకుండా పంపండి. అక్కడినుంచి డీఈఐసీ అని పిలిచే జిల్లా కేంద్రానికి పంపుతారు. బడి వయసు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి, కాని మన చిన్నపిల్లల తల్లులు అంతదూరం వెళ్ళనవసరం లేకుండానే చాలా పని జరుగుతుంది. ప్రైవేటు థెరపిస్టు దగ్గరకు వెళితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను నంబరు అడగండి. అడగడంలో తప్పు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో వినికిడి లోపం, వాక్ భాషా లోపం, ఆటిజం మూడూ ఉన్నాయి. రేపు పిల్లకు పెళ్ళి కాదేమో అని సదరం సర్టిఫికెట్టు వద్దనుకునేవారు, ఆ కాగితం లేక బడిలో, పరీక్షల్లో, పింఛనులో పోగొట్టుకునేది కూడా లెక్కవేసుకోవాలి.

మా నర్సులకు మేము చెప్పుకున్నది ఒకటి ఉన్నది. తొమ్మిది నెలల టీకాకు వచ్చిన ప్రతి తల్లినీ, “పిలిస్తే చూస్తున్నాడా? శబ్దాలు చేస్తున్నాడా?” అని రెండు ప్రశ్నలు అడగాలి. గ్రామాల్లో టీకాలు వేసే అక్కలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు కూడా ఇలాగే అడిగితే మూడేళ్ళ ఆలస్యం ఉండదు. అడగకపోతే మీరే చెప్పండి.

మొదటిసారి వచ్చేటప్పుడు టీకాల కార్డు, పుట్టిన ఆసుపత్రి కాగితాలు, ఇంక్యుబేటరులో ఉంచి ఉంటే ఆ డిశ్చార్జి చీటీ తీసుకురండి. బిడ్డ ఇంట్లో ఆడుకుంటూ చేసే శబ్దాలు ఒకటి రెండు నిమిషాలు ఫోనులో తీసి తెస్తే మంచిది, కొత్తచోట పిల్లలు అసలు నోరు విప్పరు. పగలంతా బిడ్డను చూసుకునేది అమ్మమ్మ అయితే అమ్మమ్మగారిని కూడా వెంటబెట్టుకు రండి. బేరా పరీక్ష ఉంటే, అది బిడ్డ నిద్రలో ఉండగా చేయాలి గనుక ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారుజామునే లేపండి. అవనిగడ్డ బస్సులో కిటికీగాలికి బిడ్డ హాయిగా నిద్రపోతుంది, తీరా ఇక్కడికి వచ్చాక ఎంత జోకొట్టినా పడుకోదు. దారంతా కబుర్లు చెబుతూ మెలకువగా తీసుకురండి.